ఖాళీగా వదిలిన గడి

మిచిగన్ రాష్ట్రం, హాంకాక్ ఊరి కాపురస్తురాలిని, కాలం చేసిన ఉర్హో కార్వోనెన్ భార్యను, సిల్వి కార్వోనెన్ అనే నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి మీద అనుమానం ఉన్నది మా ఆడపడుచు కొడుకు రాయ్‌కి ఒక్కడికే. వాడి బుద్ధి సంగతి ఊరందరికీ తెలుసు.

1. సదరు రాయ్‌కి చేపలు పట్టడానికి సరస్సు మీద గడ్డకట్టిన మంచు పగలగొట్టే గునపం. మా ఆయన్ని పూడ్చి వచ్చిన పూటే, "ఆ కంప్యూటర్ డబ్బు గొడవ నీకెందుకత్తయ్యా, నా పేర రాసెయ్" అన్నాడు. గునపంతో కష్టపడితే చేపలైనా పడతాయి.

2. మా చెల్లెలు లెంపికి నా యాలకుల రొట్టె పళ్ళెం. నా రొట్టె గట్టిగా ఉంటుందంటూనే రెండో ముక్క అడిగేది. నాకు కోపం లేదు. కొంచెం ఉంది.

3. బిట్‌కాయిన్లున్న నా రిటైర్మెంటు ఖాతా గురించి. పాత కంపెనీ రుసుము పెంచి, ఫోను ఎత్తడం మానేస్తే, పక్కింటి ఐనార్ లాహ్తి సాయంతో కొత్త కంపెనీకి మార్చాను. అమ్మకుండా, ఉన్నవి ఉన్నట్టే. పంపేశామని పాతవాళ్ళు, రాలేదని కొత్తవాళ్ళు. కొన్నాళ్ళపాటు అవి ఎక్కడా లేవు. ఆవిరి స్నానాల గదిలో కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తూ, ఎక్కడున్నాయంటావని ఐనార్‌ని అడిగాను. "దారిలో ఉన్నాయిలే సిల్వీ. మనం మాత్రం?" అన్నాడు. ఆ వెచ్చదనంలో కునుకు పట్టింది. మంచు కింద ఏదో వెలుతురు మెల్లగా కదిలిపోతోంది. పైన ఉర్హో గాలం వేసుకుని కూర్చున్నాడు, దేన్నీ పట్టడం లేదు, నన్ను చూసి తల ఊపాడు. కళ్ళు తెరిస్తే ఐనార్ పొయ్యిలో కట్టెలు పెడుతున్నాడు.

డబ్బు చేరింది. వారసుడి పేరు మాత్రం వెంట రాదట, కొత్తగా రాయాలట. పాత కాగితాల్లో ఉన్నది ఉర్హో పేరు. ఈసారి ఐనార్ పేరు చెప్పాను. "ఆయన మీకేమవుతారమ్మా?" అని ఫోనులో కొత్త కంపెనీ అమ్మాయి అడిగింది. భర్త, బిడ్డ, తోబుట్టువు, ఇతరులు అని చదివింది. ఆ జాబితాలో ఐనార్ లేడు. కాగితంలో వారసుడి పేరు రాసే గడి ఖాళీగా ఉంటే వీలునామా చెప్పినట్టే నడుస్తుందని తెలిసి, ఖాళీగానే వదిలాను.

కాబట్టి ఆ ఖాతా మొత్తం సర్వహక్కులతో ఐనార్‌కే. తన పొదుపు పెట్టిన కంపెనీ మునిగిన నాటినుంచి, ఈ వయసులో కూలికి ఊళ్ళో వాళ్ళ ఇళ్ళ కప్పులెక్కి మంచు తోస్తున్నాడు. ఇక ఎక్కొద్దు. నాకతనంటే ఇష్టం. బతికుండగా ఇలాంటి మాటలు అనుకునే జనం కాదు మేము.

4. ఇవన్నీ జరిపించే బాధ్యత లాయరు మార్లీన్ హోయ్ట్‌ది.

5. ఐనార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సాక్షి సంతకం పెడతానని వచ్చాడు. వద్దన్నాను. "ఇన్నేళ్ళ పరిచయం, నా సంతకం పనికిరాదా?" అని మెట్ల మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆస్తి దక్కేవాడు సాక్షి కాకూడదంది లాయరు. ఐనార్, ఇది చదివిన రోజున ఆ చొక్కా మళ్ళీ వేసుకో.

ఏప్రిల్ 9, 2024
(సంతకం) సిల్వి కార్వోనెన్

సాక్షులు:
డొరొతీ పెల్టో
కార్ల్ హైకినెన్