కామమ్మ చూసిన టైర్లు

ఆగస్టు 25, 2025. సోమవారం.

దివ్య ఎడమ చేతికి కట్టు వేశారు. ఆరు వారాలు ఉంచాలట. నాకు మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. అంతే. తప్పు నాది, దెబ్బ తనది.

శనివారం సాయంత్రం ఇద్దరం ఆత్మకూరు నుంచి ఉదయగిరి వస్తున్నాం. దివ్య ఆత్మకూరు క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. నాదీ అక్కడే, బోరు మోటార్ల సర్వీసు. పెళ్ళైనప్పటి నుంచీ రోజూ ఒకే బండి మీద పోయి రావడం. ఉదయగిరి కొండ కనపడే మలుపులో తుంపర పడింది. వాన అని కూడా అనలేం. బ్రేక్ మీద కాలు పెట్టానో లేదో వెనక చక్రం పక్కకి పోయింది. లేచి చూసేసరికి దివ్య రోడ్డు మీద కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంది.

అడిగిన వాళ్ళందరికీ గేదె అడ్డమొచ్చిందని చెప్పాను. దివ్యకీ అదే చెప్పాను. నా వీపు వెనక ఉంది కాబట్టి తనకి రోడ్డు కనపడలేదు.

గేదె లేదు.

ఆగస్టు 26. మధ్యాహ్నం.

ఎందుకు పడ్డానో నాకు తెలుసు. జూన్‌లో వాట్సాప్ గ్రూపులో ఒక చెన్నై అతను ఫొటో పెట్టాడు. రేస్ ట్రాక్ మీద ఒక్క రోజు వాడిన సాఫ్ట్ కాంపౌండ్, అంటే మెత్తటి రబ్బరు టైర్లు. వెనకది 150 వెడల్పు. కంపెనీ ఇచ్చింది 140. స్పోర్ట్స్ బైకుకి వెనక చక్రం ఎంత లావుంటే అంత అందం అని నా పిచ్చి. తెప్పించాను.

ఆత్మకూరులో టైర్ల షాపు నిసార్ వాటిని తిప్పి తిప్పి చూశాడు. ఇవి వేడెక్కితేనే రోడ్డుని పట్టుకుంటాయి పవనన్నా, ట్రాక్ మీద వాళ్ళు మోకాలు నేలకి ఆనించి తోలతారు గాబట్టి వేడెక్కుతాయి, మీరు టిఫిన్ క్యారియర్ తగిలించుకొని పోయే దారిలో ఇవి చల్లగానే ఉంటాయి, తడిలో సబ్బుబిళ్ళే అన్నాడు. టైరు పక్కన నాలుగు అంకెలు చూపించాడు. 1719. రెండు వేల పంతొమ్మిదిలో పదిహేడో వారం తయారైంది. ఆరేళ్ళ రబ్బరు, నేను వెయ్యను అన్నాడు. గంటసేపు బతిమాలి వేయించుకున్నాను.

ఆ రోజు ఇంటికొచ్చాక దివ్య ఒకటే అడిగింది. వెనక కూర్చునేది నేను, నిసార్ చెప్పినవే వేయించావు కదా అని. ఆయన చెప్పినవే, బ్రాండ్ న్యూ అన్నాను. ఇంత తేలిగ్గా ఎలా అనగలిగానో నాకే తెలియదు.

ఆగస్టు 29. శుక్రవారం.

మా అవ్వ ఉప్పు, మిరపకాయలతో మా ఇద్దరికీ దిష్టి తీసింది. తీస్తూ తీస్తూ ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినట్టుంది.

ఎదురింటి కామమ్మ మా వీధికంతా పాలు పోస్తుంది. ఒంటరి మనిషి, రెండు గేదెలు. పడిన రోజు పొద్దున పాలు పోస్తూ బండిని మొదటిసారి దగ్గరగా చూసి, ఏంది నాయనా ఈ చక్రాలు, ఏనుగు కాళ్ళ మాదిరి ఉండాయి అని నవ్వింది. మురిసిపోయింది నేనే. మెచ్చుకుందనుకుని థాంక్స్ కూడా చెప్పాను.

అవ్వకిప్పుడు లెక్క కుదిరింది. పొద్దున ఆమె కన్ను పడె, సాయంత్రం గేదె అడ్డమొచ్చె, ఇంకేం కావాల అబ్బయా అంది. నేను నా మోకాలి పుండు చూసుకుంటూ కూర్చున్నాను. కాదు అవ్వా అనడానికి ఎంతసేపు పడుతుంది?

సెప్టెంబర్ 3.

మా ఇంటికి ప్యాకెట్ పాలు వచ్చాయి.

సెప్టెంబర్ 9. మంగళవారం.

ఇంకో ఐదిళ్ళు కామమ్మ దగ్గర పాలు మానేశాయి. ఎవరూ మొహం మీద అనరు. పిల్లోళ్ళకి పడటంలేదమ్మా అని ఒకరు, ఈ నెల ఊరికి పోతున్నామని ఇంకొకరు. ఊరికి పోయిన వాళ్ళెవరూ లేరు. అవ్వ ఎక్కడ ఏం చెప్పిందో నేను అడగలేదు.

సెప్టెంబర్ 14. ఆదివారం.

బండి బాగై వచ్చింది. నిసార్ ఆ టైర్లు పీకేసి, షాపులో పడి ఉన్న నా పాత కంపెనీ టైర్లు వేశాడు. ఇవి అరిగిపోయినాయి, మెల్లగా తోలుకుంటే నెల వస్తాయి, ఈలోపల మంచివి చూసుకోండి అన్నాడు. ఆ 150 టైరు పారేయమన్నాను. పారేయడట. షాపు గోడకి మేకు కొట్టి తగిలించాడు. మీలాంటోళ్ళు ఇంకా వస్తారు, చూపించాల గదా అన్నాడు.

ఇంటి ముందు సెల్ఫ్ నొక్కాను. కామమ్మ చావిడి ముందు పేడ ఎత్తుతోంది. ఇంజన్ చప్పుడు వినగానే తట్ట కింద పెట్టేసి గోడ వైపు తిరిగి నిలబడింది. కొంగు కళ్ళ మీదకి లాక్కుంది. నేను వీధి దాటేదాకా అట్లాగే ఉంది. అద్దంలో అంతా కనపడింది.

సెప్టెంబర్ 15.

మళ్ళీ అదే. గోడ వైపు తిరిగింది.

సెప్టెంబర్ 16.

బండిని వీధి చివరిదాకా తోసుకుంటూ పోయి అక్కడ స్టార్ట్ చేశాను. మోటార్లు రిపేర్ చేసే మగాణ్ణి, బండి తోసుకుంటూ పారిపోతున్నాను.

సెప్టెంబర్ 24. బుధవారం.

రోజూ లంచ్‌లో టైర్ల రివ్యూలు చదువుతున్నాను. సింగిల్ కాంపౌండ్, డ్యూయల్ కాంపౌండ్, స్పోర్ట్ టూరింగ్, తడి రోడ్డు మీద ఎన్ని మీటర్లలో ఆగుతుంది. నోట్‌బుక్ సగం నిండింది. పరీక్షకి కూడా ఇంత చదవలేదు. చెప్పాల్సిన మాట మాత్రం ఒక్కటే, అది నోటికి రావడంలేదు.

చెబితే దివ్య ఏమంటుందోనని భయం. అనకపోతే ఇంకా భయం.

అక్టోబర్ 2. దసరా.

బండి కడిగాను. అవ్వ గుమ్మడికాయ తిప్పి కొట్టించింది, నిమ్మకాయలు తొక్కించింది. వీధంతా బండ్లు, బొట్లు, దండలు. కామమ్మ ఇంటి తలుపు వేసి ఉంది. పండగ పూట బయటికొస్తే ఎవరి బండి మీద కన్ను పడుతుందోనని లోపలే కూర్చుందట. దివ్య వినొచ్చి చెప్పింది. పాపం పవన్, ఆమెకీ మన గేదెకీ ఏంటి సంబంధం అంది.

మన గేదె.

అక్టోబర్ 6. సోమవారం.

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున క్లినిక్‌లో దివ్య కట్టు విప్పారు. సాయంత్రం నాతో టైర్ల షాపుకి వస్తానంది. నేను చూసుకుంటానన్నాను. నేనూ వస్తాను అంది. ఐదింటికి నిసార్‌కి మెసేజ్ పెట్టాను, గోడ మీది టైరు తీసేయమని. చదివాడు. రిప్లై లేదు.

వెళ్ళేసరికి టైరు మేకుకే ఉంది.

దివ్య దాని దగ్గరికే పోయింది. ఇది మన బండిది కదా అంది. కట్టు విప్పిన చెయ్యి తెల్లగా పాలిపోయి ఉంది. ఆ చేతి వేలితోనే టైరు పక్కన తడుముతూ పోయి అంకెల దగ్గర ఆగింది. రోజూ సీసాల మీద ఎక్స్‌పైరీ డేట్లు చూసే మనిషి కదా. 1719 అంటే ఏంటి అని నిసార్‌ని అడిగింది. నిసార్ నా వైపు చూశాడు. పానా తుడుస్తూ కూర్చున్నాడు. అబద్ధం ఆడడు, నన్ను పట్టించనూ పట్టించడు. అక్కడే ఆగిపోయాడు.

నేనే చెప్పాను. అన్నీ.

గేదె? అంది. లేదన్నాను.

ఆ టైరు తీసివ్వమని నిసార్‌ని అడిగింది. బండి అక్కడే పెట్టి బస్సెక్కాం. తను ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది, నేను వెనక టైరు ఒళ్ళో పెట్టుకుని. ఉదయగిరిలో దిగాక ఒక్క మాట అంది. నా చెయ్యి సంగతి తర్వాత తేల్చుకుందాం, ముందు కామమ్మ సంగతి చూడు.

అక్టోబర్ 7. పొద్దున ఎనిమిది.

పాల వేళకి టైరు భుజాన వేసుకుని వీధి మధ్యలో నిలబడ్డాను. గేదె లేదు, టైరు ముసలిది, తెలిసే వేయించాను, ఆమె తప్పేమీ లేదు అని గట్టిగా చెప్పాను. పిల్లలు నవ్వారు.

అవ్వ నమ్మలేదు. ఆమె మీద జాలిపడి చెప్తా ఉండాడు మావాడు అంది అందరితో. టైరు ముసలిదైతే జూన్ నుంచీ జారలేదే, ఆమె చూసిన రోజే ఎందుకు జారింది అంది. వాన ఆ రోజే పడింది అవ్వా అన్నాను. ఆ వానే ఎందుకు పడిందంట అంది.

కామమ్మ పాలక్యాను కింద పెట్టి నా వైపు చూసింది. మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండు గదా నాయనా అని లోపలికి పోయింది.

అక్టోబర్ 9. గురువారం.

ఎవరూ మళ్ళీ పాలు పోయించుకోలేదు. పంతొమ్మిదో తేదీ ఆదివారం సీతారామపురం నుంచి ఒకాయన వచ్చి రెండు గేదెల్నీ తోలుకుపోతాడట. కామమ్మ సోమశిలలో అక్క దగ్గరికి పోతుందట. ముప్పై ఏళ్ళ నుంచి ఉన్న ఇల్లు.

దివ్య మూడు రోజుల తర్వాత మాట్లాడింది. అవ్వ దగ్గర మాటలతో పని జరగదు, కామమ్మ అందరి ముందూ మన బండిని బాగా చూడాలి, ఆ రోజే మనిద్దరం ఆత్మకూరు పోయి రావాలి, వాన పడితే ఇంకా మంచిది అంది.

పిచ్చా అన్నాను. ఏమన్నా అయితే మనం పోవడం ఒక్కటే కాదు, ఆమెని ఈ ఊళ్ళో బతకనివ్వరు అన్నాను.

అందుకే ఈసారి టైర్లు సరిగ్గా చూసి వేయించు అంది.

అక్టోబర్ 11. శనివారం.

నిసార్ మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి మెత్తటి స్పోర్ట్, 150, నల్లగా నిగనిగలాడుతోంది. నా చెయ్యి దానంతటదే దాని మీదకి పోయింది. సిగ్గులేని చెయ్యి. ఇంకొకటి గట్టిది, నలభై వేల కిలోమీటర్లు వస్తుంది, కానీ తడిలో పట్టు తక్కువ. మూడోది స్పోర్ట్ టూరింగ్, 140. మనం రోజూ నిటారుగా తోలే దారికి నడుమ గట్టి రబ్బరు, మలుపుల కోసం అంచుల్లో మెత్తది, నీళ్ళు పోవడానికి లోతైన గాడులు. చల్లగా ఉన్నా పట్టుకుంటుంది. మీ రిమ్ముకి 150 వేస్తే టైరు నొక్కుకుపోయి ఆకారం చెడుతుంది, అందం పోయేదీ అక్కడే అన్నాడు నిసార్.

మూడోది.

అంకెలు దివ్యే చదివింది, ముందుదీ వెనకదీ. 2825. ఈ జూలైలో పుట్టినవి. నూట యాభై కిలోమీటర్లు నెమ్మదిగా తోలాలి, కొత్త టైరు మీది నునుపు పోవాలి, అప్పటిదాకా వంచొద్దు, పాలిష్ కొట్టొద్దు అన్నాడు.

అక్టోబర్ 12.

అవ్వ నూనెలో పసుపు కలిపి టైర్లకి పూయబోతోంది. పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. మమ్మల్ని పడేయడానికేనా అని అరిచాను. తర్వాత బాధనిపించి, ట్యాంకు మీద బొట్టు పెట్టనిచ్చాను.

అక్టోబర్ 17. శుక్రవారం.

ఐదు రోజులు ఒక్కణ్ణే తోలాను. నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. నిన్నటి నుంచి ముసురు.

సాయంత్రం ఇద్దరం కామమ్మ దగ్గరికి పోయాం. చూడనంటే చూడనంది. నన్ను వదిలిపెట్టండి నాయనా, మీకేమన్నా అయితే నా గతేంది అంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. దివ్య తన ఎడమ చెయ్యి ఆమె చేతిలో పెట్టి, ఇది విరిగింది నీ వల్ల కాదత్తా, వీడి వల్ల, అయినా నేను రేపు వీడి వెనకే ఎక్కుతున్నాను అంది.

నన్ను క్షమించిందని కాదు. ఎక్కుతానంది, అంతే.

అక్టోబర్ 18. పొద్దున 7:10.

టైర్లు చల్లగా ఉండగానే గాలి చెక్ చేశాను. రెండుసార్లు. వాన పడుతోంది. వీధంతా గొడుగుల కింద నిలబడింది. కామమ్మ కొంగు తీసి, కళ్ళు తెరిచి, ముందు చక్రం, వెనక చక్రం, మా ఇద్దరి మొహాలు చూసింది. అవ్వ నిమ్మకాయ పట్టుకుని వస్తే దివ్య వద్దంది.

బయల్దేరుతున్నాం.

1:30. ఆత్మకూరు.

పోయేటప్పుడు ఏం కాలేదు. వాన తగ్గలేదు. పడిన వైపు నుంచి ఆ మలుపు తిరగాల్సింది వచ్చేటప్పుడే.

సాయంత్రం 6:50.

తిరిగొచ్చాం.

కామమ్మ పొద్దుటి నుంచీ గడప దగ్గరే ఉందట. అన్నం కూడా తినలేదట. మమ్మల్ని చూసి లేచి, వాన్లోనే బండి చుట్టూ తిరిగింది. ఈసారి చక్రాలు సన్నంగా ఉండాయే నాయనా, ఇవే బాగుండాయి అంది.

అవ్వ విన్నది. లోపలికి పోయి పాలచెంబు తెచ్చి కామమ్మ ముందు పెట్టింది.