అర మెట్టు దిగిన పియానో

జూన్ 9

వేరే ఊరి స్కూల్‌కి వెళ్లి ఉండే ఎక్స్‌ఛేంజ్ ట్రిప్‌కి మా మ్యూజిక్ టీమ్ సెలెక్ట్ అయింది. ఇంట్లో అందరికీ సంబరం. నాకు తప్ప.

నాకు మ్యూజిక్ షీట్ చదవడం రాదు. ఆ సంగతి మా మిస్‌కి తెలియదు. అక్క పియానో వాయిస్తుంది, నేను వింటాను, వేళ్లు వాటంతటవే వెళ్లిపోతాయి. మిస్ ముందు మాత్రం పేజీ తెరిచిపెట్టి బుద్ధిగా చూస్తుంటాను. నీది మ్యూజిక్ కాదే, యాక్టింగ్ అంటుంది అక్క.

జూన్ 17

వచ్చేశాం. నేనుండేది ఇక్కడి స్కూల్లో నా పార్ట్‌నర్ వాళ్లింట్లో. ఆ అమ్మాయి చాలా పొడుగు, తలుపులన్నిటి దగ్గరా తల వంచుతుంది. వాళ్ల వీధి చివరే ఈ ఊరి కంపోజర్ పుట్టిన ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. ఎల్లుండి ఆయన పియానో మీద ఒక్కొక్కరం వాయించాలి. పొడుగమ్మాయి నా పక్కన నిలబడి పేజీలు తిప్పుతుందట.

అంత దగ్గర నిలబడితే దొరికిపోనూ? తెలిస్తే టీమ్‌లోంచి తీసేస్తారు.

జూన్ 18

అక్కకి ఫోన్ చేసి, కడుపునొప్పి అని చెప్పేయనా అన్నాను. చెప్పు, అపెండిక్స్ తీసి పంపిస్తారు అంది.

జూన్ 19

అయిపోయింది.

మ్యూజియం ఆయన ముందే చెప్పారు. పాత తీగలు గట్టిగా బిగిస్తే తెగిపోతాయని, ఈ పియానోని అర మెట్టు కిందే ఉంచుతారట. ఏ మీట నొక్కినా దాని ఎడమ పక్క మీట స్వరం పలుకుతుంది. షీట్ చూసి వాయించేవాళ్లకు ఇబ్బందేం లేదు అన్నారు.

మొదటి మీట నొక్కాను. అక్క వాయించిన స్వరం కాదు. ఆగిపోయాను. ఇంతలో వేళ్లే ఒక మీట కుడికి జరిగాయి. పాట అక్కడుంది. ఇంక చివరిదాకా వెళ్లిపోయాను. షీట్‌లో దాదాపు అన్నీ తెల్ల మీటలే. నేనేమో నల్లవాటి మీద పరుగు. పొడుగమ్మాయి పేజీ తిప్పడం మరిచిపోయి నా చేతులే చూస్తోంది. పాట అయిపోయింది. పేజీ మాత్రం మొదటిదే.

అందరూ చప్పట్లు కొట్టారు. మిస్ కొట్టలేదు.

బయట మెట్ల దగ్గర మిస్ నన్ను ఆపారు. తీసేస్తారా అని అడిగాను.

"ఇన్నాళ్లూ ఎంత బాగా నమ్మించావే తల్లీ" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. లోపలికెళ్లి మ్యూజియం షాపులో ఒక షీట్ కొనుక్కొచ్చారు. ఆ కంపోజర్ వాళ్ల చెల్లెలి కోసం రాసిన చిన్న పాట. ఎవరూ రికార్డ్ చెయ్యలేదట. వెళ్లేలోపు ఇది నేర్చుకుని వాయించు, నీ సంగతి అప్పుడు చూద్దాం అన్నారు.

దారిలో పొడుగమ్మాయి, నన్నెందుకు దిష్టిబొమ్మలా నిలబెట్టావు అంది. తర్వాత తనే, పద నేర్పిస్తా అంది.

జూన్ 20

షీట్ ఫోటో తీశాను. అక్క వాయించి పంపడానికి ఎంతసేపు? వేలు సెండ్ మీదే ఉంది.

డిలీట్ చేశాను.

జూన్ 23

రేపు ప్రయాణం. రెండు లైన్లు చదవగలిగాను. కింద ఇంకా చాలా ఉన్నాయి. మిస్ ముందు ఆ రెండూ వాయించి, రాని చోట ఆగిపోతాను.