పన్ను తీసిన చోటు

మద్దూరు,
సోమవారం

భవానికి,

ప్రియమైన అని రాయబోతే చేయి రాలేదు. ఫోన్‌లో నీ గొంతు వినే ఓపిక కూడా లేదు. సిద్దిపేట మార్కెట్‌కు కూరగాయలు తెస్తున్న మీ బావ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

శుక్రవారం అవ్వను సాగనంపేటప్పుడు వాడకట్టు ఆడవాళ్ళంతా శోకం పెట్టారు. కన్నబిడ్డవు నువ్వు మాత్రం మూతి బిగించి నిలబడ్డావు. "చిన్నబిడ్డకు కండ్లల్ల నీళ్లు గూడ రాకపాయె" అని యాదలక్ష్మి అత్త అందరిలో అన్నది. నిన్న మూడోనాడు అవ్వ పేరున పిట్టకు ముద్ద పెట్టడానికైనా వస్తావనుకున్నాను. నీకు ఒంట్లో బాగాలేదని మీ ఆయన ఫోన్‌లో రెండు ముక్కలు పంపాడు. నేనొక్కదాన్నే పెట్టాను. అవ్వ నీకేం తక్కువ చేసిందే?

నీ అక్క,
స్వరాజ్యం

సిద్దిపేట,
మంగళవారం

ప్రియమైన అక్కకు,

ప్రియమైన అని నువ్వు రాయకపోయినా నేను రాస్తాను.

అవ్వ పోవడానికి ముందురోజు, బుధవారం, నాకు జ్ఞానదంతం తీశారు. ఆ గుంతలో గడ్డకట్టే రక్తమే పుండుకు మూత అట. అది ఊడితే ఎముక బయటపడుతుంది, గట్టిగా ఉమ్మొద్దు, నోరు బార్లా తెరవొద్దు అని దవాఖానలో చెప్పారు. అందుకే శోకం పెట్టలేదు.

చావింటి నుంచి వచ్చాక వేపాకు నమిలి ఉమ్మనిదే గడప దాటకూడదు కదా. అవ్వకోసమని నమిలాను. ఆకుముక్క గుంతలో ఇరుక్కుంది. మా పెద్దోడు శ్రీవర్ధన్ పళ్ళకు తీగలు వేయించుకున్నప్పుడు కొన్న నీళ్ల మిషన్ ఒకటుంది, సన్నటి ధారతో పళ్ళ సందులు కడుగుతుంది. దాంతో తీద్దామనుకున్నాను. వేగం ఎంత ఉందో చూసుకోలేదు. గడ్డ ఊడిపోయి చెవి దాకా ఒకటే పోటు. ఆదివారం మంచం దిగలేకపోయాను. డాక్టర్ మందు అద్దిన గుడ్డ గుంతలో పెట్టి, బాగా కోప్పడ్డాడు. తెలియక చేశానక్కా.

నీ చెల్లెలు,
భవాని

మద్దూరు,
గురువారం

బంగారు చెల్లికి,

ఆ ఒక్కమాట అప్పుడే చెప్తే నిన్ను ఇంత నొప్పించేదాన్నా? యాదలక్ష్మి అత్తకూ చెప్పాను. పాపం, చాలా బాధపడింది. తెలియక జరిగినదానికి నువ్వు కుమిలిపోకు. ఆ మిషన్ జోలికి మాత్రం పోకు.

మీ బావతో జొన్నరవ్వ పంపుతున్నాను. ఇది నేను పట్టించింది కాదు. పోయిన గురువారం మధ్యాహ్నం అవ్వ తానే చెరిగి, తన పాత చీరముక్కలో మూట కట్టింది. ఎవరికని అడిగితే, "మెత్తగ తినేటోళ్లకు" అన్నది. ఆ సాయంత్రమే పోయింది. ఆ మాట నాకప్పుడు తట్టలేదు, నీ ఉత్తరం చదివాక తెలిసింది. రవ్వ మెత్తగా ఉడికించి గట్క వండుకొని, చల్లారాక తిను.

సోమవారం దినాలు. తప్పకుండా రావే.

ప్రేమతో,
అక్క

సిద్దిపేట,
శనివారం

ప్రియమైన అక్కకు,

మూట అందింది. విప్పడానికి చేతులు రాక నిన్నంతా పొయ్యి పక్కనే పెట్టుకున్నాను.

నేను తెలియక చేయలేదక్కా. దవాఖానవాళ్ళు ఇచ్చిన కాగితాన్ని అద్దం పక్కన అంటించింది నేనే. కనీసం రెండు వారాలు ఆ మిషన్ ముట్టొద్దని, తర్వాత కూడా డాక్టర్ సరేనంటేనే, గోరువెచ్చటి నీళ్లతో, అన్నిటికంటే తక్కువ వేగంలో, ధార గుంతలోకి పోకుండా కడగాలని అందులో ఉంది. అంతా చదివాను.

పన్ను సంగతి అవ్వ ఒక్కదానికే చెప్పాను. గురువారం మధ్యాహ్నం అవ్వ మూడుసార్లు ఫోన్ చేసింది. మెల్లగా మాట్లాడొచ్చని డాక్టర్ చెప్పినా ఎత్తలేదు. అడిగిందే అడుగుతుంది, రేపు మాట్లాడొచ్చులే అని విసుక్కున్నాను. మర్నాడు అవ్వ శవం ముందు నోరు తెరిస్తే, ఫోన్ ఎత్తలేదన్న మాటే మొదట బయటికొస్తుందని భయపడ్డాను. పన్ను సాకయింది.

ఇంటికొచ్చినా ఏడుపు రాలేదు. మిషన్ వేగం చివరిదాకా తిప్పి ధార గుంతలోకే పెట్టాను. ఆ నొప్పికి కేక వేసి ఏడ్చాను. ఆపుకోలేకపోయాను. ఇంట్లోవాళ్ళు పంటి నొప్పి అనుకున్నారు.

ఈ పొద్దు గట్క వండాను. రెండు ముద్దలు తిన్నాను. చాలా మెత్తగా ఉంది.

ఇదంతా చదివాక నేను దినాలకు రావాలో వద్దో బావతో చెప్పి పంపు. రమ్మంటే, అవ్వ దగ్గర పెట్టని శోకం నీ పక్కన కూర్చొని పెడతాను.

ఫోన్ ఎత్తని నీ చెల్లెలు,
భవాని