కింది తోట కత్తిరింపు

జనవరి 9

పది దాకా మంచు. ఆ తర్వాత ఎండ వచ్చింది కానీ వేడి లేదు. పై తోటలో మూడు వరుసలు కత్తిరించాను. వేళ్ళు ఇంకా సరిగ్గా వంగడం లేదు, అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి.

కొమ్మ మీద ఆకు రాలిన చోట ఉండే మొగ్గని మేం కన్ను అంటాం. ప్రతి కొమ్మకీ రెండు కళ్ళు ఉంచి మిగతాది కోసెయ్యాలి. ఈ నల్ల ద్రాక్ష నలభై ఏళ్ళది. అందులో ఇరవై ఎనిమిదేళ్ళు నా చేతి మీదే ఉంది. నేను లెక్కపెట్టను. చెయ్యే ఆగుతుంది.

తమ్ముడు వెనకాల కోసిన కొమ్మలు ఏరాడు. టౌన్లో గోడౌన్ కుర్చీకి అలవాటుపడ్డ నడుము, మూడేళ్ళయినా దారికి రాలేదు. లేచేటప్పుడు పందిరి స్తంభం పట్టుకున్నాడు. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

జనవరి 13

గోడౌన్ ఓనర్ మళ్ళీ ఫోన్ చేశాడు. సెప్టెంబర్ ఆఖరికి మేనేజర్ సీటు ఖాళీ అవుతుందట, తమ్ముడు వస్తానంటే వాడికేనట. వీడు కోత అయ్యాక చెప్తానన్నాడు.

భోజనాల దగ్గర తేల్చేశాడు. కింది తోటలో తను వేసిన గింజల్లేని తెల్ల ద్రాక్షకి ఇది మొదటి కాపు. పద్నాలుగు వరుసలు. కాస్తే తనూ మరదలూ ఇక్కడే ఉంటారు. కాయకపోతే ఇద్దరూ టౌన్‌కి వెళ్ళిపోతారు. కాస్తే కనక తన కుట్టుమిషన్‌కి కిటికీ ఉన్న గది కావాలంది మరదలు. ఇప్పుడు దాన్ని ఎరువు బస్తాల పక్కన పెట్టుకుని కుడుతోంది. జాకెట్లన్నీ ఎరువు వాసన వేస్తున్నాయట.

కాస్తుంది, గది కట్టేద్దాం అన్నాను. నేనున్నాను కదా.

జనవరి 20

మరదలి తల్లి బాత్రూంలో పడింది. తుంటి ఎముక. మధ్యాహ్నం బస్సుకి ఇద్దరూ వెళ్ళారు.

గేటు దగ్గర తమ్ముడు సంచి కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు. కింది తోట సంగతి ఎత్తాడు. నన్ను శ్రమపడొద్దన్నాడు, తనే వచ్చి చేసుకుంటానన్నాడు. ఇంకేదో అనబోయాడు. బస్సు హారన్ కొట్టింది.

నా మీద వాడికి జాలి. నలభై తొమ్మిదేళ్ళు దాటితే అక్క మంచం పడుతుందనుకుంటాడు.

జనవరి 31

పై తోట అయిపోయింది. కొమ్మల్ని వైరుకి కట్లు కట్టడానికి రేడియో వచ్చింది. గట్టు అవతలి ఇల్లు ఆవిడది, మంచి పనిమంతురాలు. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. మనిషికి తెలుసు తన పేరు, పిలిస్తే పలుకుతుంది కూడా.

ఫిబ్రవరి 6

వాళ్ళు రావడానికి ఇంకో పది రోజులు పడుతుందట. ఫోన్లో వెనక ఆస్పత్రి గోల. తోట సంగతి నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

నాలుగు రోజులుగా వేసవిలా ఉంది. కొమ్మల మీద కన్ను ఉబ్బుతోంది. ఇప్పుడు కొయ్యకపోతే కోసిన చోటల్లా నీరు కారుతుంది. పది రోజులంటే ఆలస్యమే.

రేపు కింది తోట మొదలు.

ఫిబ్రవరి 10, సాయంత్రం

పద్నాలుగు వరుసలూ నాలుగు రోజుల్లో. రెండేసి కళ్ళు, గీత గీసినట్టు. గట్టు మీద నుంచి చూస్తే కొత్తగా క్షవరం చేయించుకున్న తలకాయల్లా ఉన్నాయి. రేడియో నన్ను మనిషివి కాదు మిషన్‌వి అంది. కాదనలేదు.

చెయ్యి నొప్పి. మంచి నొప్పే.

ఫిబ్రవరి 17

వచ్చారు. మరదలు చిక్కిపోయింది. తమ్ముడు కాళ్ళు కడుక్కోకుండానే కింది తోటకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక చేసేశావా అక్కా అన్నాడు. ఎవరో ఒకరు చెయ్యాలి కదా అన్నాను. అవునన్నాడు. అన్నం సగం వదిలేశాడు. ప్రయాణం బడలిక.

మార్చి 19

చిగురు. పై తోటా కింది తోటా ఒకేసారి.

ఏప్రిల్ 22

పై తోటలో రెమ్మకి రెండు గుత్తులు కనిపిస్తున్నాయి, ఆవగింజలు అంటించినట్టు. కింది తోటలో ఒక్కటి లేదు. గుత్తి ఉండాల్సిన చోట నులితీగ. పద్నాలుగు వరుసలూ తిరిగాను. రెమ్మలు బలంగా ఉన్నాయి, ఆకు నా అరచెయ్యంత ఉంది. కాపు మాత్రం సున్నా.

తమ్ముడికి ఈ మొక్కలమ్మిన నర్సరీ ఆయన మగ మొక్కలు అంటగట్టాడు. ఇంకేం కాదు. ఫోన్ చేసి గట్టిగా అడిగేశాను. ఎల్లుండి వస్తానన్నాడు. తమ్ముడికి చెప్తే పోనీలే అక్కా, ఆయన్నెందుకు అన్నాడు. వీడి మెతకదనమే వీణ్ణి ముంచుతోంది.

ఏప్రిల్ 24

నర్సరీ ఆయన స్కూటర్ మీద వచ్చాడు. తమ్ముడు ఊళ్ళో లేని టైం. ఒక్క మొక్క చూశాడు. రెండోది చూడలేదు. ఎవరు కోశారని అడిగాడు. నేనే అన్నాను. ఎన్ని కళ్ళు అన్నాడు. రెండు అన్నాను, ఇంకెన్ని ఉంచుతారు అన్నట్టు.

ఆయన టోపీ తీశాడు. ఈ రకానికి మొదటి నాలుగైదు కళ్ళలో కాయ ఉండదట. ఎనిమిదో పదో ఉంచి, కొమ్మని పొడుగ్గా వైరుకి వంచి కట్టాలట. కాయ ఉన్న భాగమంతా నేనే కోసి కుప్పేశానన్నమాట. ఆ కొమ్మలతో మార్చి అంతా నీళ్ళు కాచుకున్నాం.

చెప్పి అమ్మాలి కదయ్యా అన్నాను. చెప్పాడట, మూడుసార్లు. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడట తమ్ముడికి. అక్కడితో ఆగకుండా ఇంకో ముక్క అన్నాడు. ఫిబ్రవరిలో తమ్ముడు ఫోన్ చేసి, ఇలా పొట్టిగా కోసేశారు, ఏమైనా చెయ్యొచ్చా అని అడిగాడట. ఏమీ చెయ్యలేమని ఈయన చెప్పాడట.

టీ ఇచ్చాను. తాగి వెళ్ళాడు.

ఏప్రిల్ 24, సాయంత్రం

ఫిబ్రవరి 17 నుంచి ఇవాళ్టికి అరవై ఆరు రోజులు. అరవై ఆరు రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. ఎరువు వేశాడు. నేను చిగురు చూసి మురిసిపోతుంటే పక్కన నిలబడి ఊఁ కొట్టాడు. కాయదని తెలిసీ నీళ్ళు పెట్టాడు.

గేటు తీసుకుని వచ్చాడో లేదో అడిగేశాను. నన్ను వెర్రిదాన్ని చేశావా అన్నాను. కాదన్నాడు. మరెందుకు చెప్పలేదన్నాను. అయిపోయాక చెప్పి ఏం లాభం, నువ్వు బాధపడతావని అన్నాడు. సరే, ముందు ఎందుకు చెప్పలేదు? గేటు దగ్గర నోరుందిగా? ఎనిమిది కళ్ళు అని రెండు మాటలు. బస్సు హారన్ కొట్టేలోపు నాలుగుసార్లు అనొచ్చు.

వాడు చెప్పులు విప్పి, జత సరిచేసి పెట్టి, అప్పుడన్నాడు.

"నీకు కత్తిరింపు నేర్పాలా అక్కా నేను?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. రేడియో అయితే చెప్పేవాడివి కదా అన్నాను. రేడియోకి చెప్పేవాణ్ణి అన్నాడు.

మర్యాద. నా ఇరవై ఎనిమిదేళ్ళకి వాడు ఇచ్చిన మర్యాద పద్నాలుగు వరుసల్ని తినేసింది. వాణ్ణి తిడదామని కూర్చున్నాను, కలం అటు పోవడం లేదు. తోడబుట్టినవాడు గేటు దగ్గర నిలబడి రెండు మాటలు చెప్పలేకపోయాడంటే, నేను ఎదుటివాళ్ళని చెప్పనిచ్చే మనిషిని కాననేగా. మూడేళ్ళలో ఒక్కసారైనా ఆ మొక్క సంగతేంట్రా అని అడిగానా? ద్రాక్ష ద్రాక్షే అనుకున్నాను.

తప్పు నాది. అదే ముక్క వాడితో అన్నాను. వాడు ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

ఏప్రిల్ 25

మరదలు మిషన్ ఆపకుండానే మాట్లాడింది. తనకి ఫిబ్రవరిలోనే తెలుసట. చెప్పు చెప్పు అని మొగుణ్ణి పోరిందట. "ఆయన చెప్పరు, మీరు అడగరు వదినా. ఒక్క కడుపున పుట్టారని పుట్టుమచ్చలు చూడక్కర్లేదు."

మే 30

పై తోట పూత దిగింది. ఎండలు.

జూన్ 16

టౌన్‌కి వెళ్ళి గోడౌన్ ఓనర్‌తో మాట్లాడి, ఇంకో ఏడాది ఆగమందామని బయల్దేరాను. చీర కూడా మార్చాను. మరదలు గుమ్మంలోనే అడ్డుపడింది. "మళ్ళీ మా ఆయన తోట మీరే కోస్తున్నారు వదినా" అంది.

వెళ్ళలేదు. కట్టిన చీర దండగ కాకుండా పిండి మరకి వెళ్ళొచ్చాను.

జులై 28

కాపు లేదు కనక కింది తోట బలమంతా కొమ్మలోకి దిగింది. బొటనవేలంత లావు. నర్సరీ ఆయన వచ్చి చూశాడు. సరిగ్గా కోస్తే వచ్చే ఏడు విరగకాస్తుందన్నాడు. సరిగ్గా అనే మాట దగ్గర నా వంక చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

సెప్టెంబర్ 11

పై తోట కోత మొదలు. గుత్తులు బరువుగా ఉన్నాయి. నా తోట.

సెప్టెంబర్ 21

కోత అయిపోయింది. వాన పడకుండా అయింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఇలాంటి కోతలు మూడు చూశాను.

సెప్టెంబర్ 23

తమ్ముడు వెళ్ళిపోతానన్నాడు. వచ్చే ఏడు విరగకాస్తుందని నర్సరీ ఆయన అన్నాడు కదా అన్నాను. కాపు సంగతి కాదట. "ఈ ఇంట్లో నా చేతికి పని లేదక్కా. నీ వెనక కొమ్మలేరడానికి నేనెందుకు?"

మూడేళ్ళలో వాడు నాతో అన్న పెద్ద మాట ఇది. అన్నందుకు సంతోషించాను. విన్నందుకు కాదు.

కింది తోట ఇక ముట్టుకోనన్నాను. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. చూస్తూ ఊరుకోవడం నీ వల్ల కాదన్నాడు తమ్ముడు. మరదలు ఆ మాట పట్టుకుని నవ్వింది.

సెప్టెంబర్ 24

నమ్మకం లేకపోతే చూడండని ఉదయం చేతులు వెనక్కి కట్టుకుని కింది తోటలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. గట్టు ఎక్కాక చూసుకుంటే పిడికిట్లో మూడు రెమ్మలు. ఎప్పుడు తుంచానో తెలియదు.

వాళ్ళకి చూపించలేదు. కొంగున కట్టి తెచ్చి పొయ్యిలో పడేశాను.

సెప్టెంబర్ 25

ఆలోచించాను, ఎక్కువసేపు పట్టలేదు. చెయ్యి మాట వినదు. చేతిని ఇక్కణ్ణుంచి పంపించెయ్యాలి.

భోజనాల దగ్గర చెప్పాను. ఈ సారి కత్తిరింపుకి నేను ఇక్కడ ఉండను. పెద్దక్క ఇంటికి పోతాను, అక్కడ ద్రాక్ష కాదు కదా తులసి మొక్క కూడా సరిగ్గా బతకదు. కింది తోటతో పాటు పై తోట కూడా తమ్ముడే కోస్తాడు. అడగనిదే చెప్పను. ఫోన్ చేసి ఎంతదాకా వచ్చిందని అడగను.

పై తోట అనేసరికి తమ్ముడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. పై తోట నీది కదక్కా అన్నాడు. తోట ఇంటిది అన్నాను. పాడుచేస్తే? అన్నాడు. నేను పాడుచేసిందానికంటే ఎక్కువ చెయ్యలేవులే అన్నాను.

మరదలికి నవ్వాలో వద్దో తెలియలేదు. ఎన్నాళ్ళు ఉంటారు వదినా అని అడిగింది. మీరు పిలిచేదాకా అన్నాను.

సెప్టెంబర్ 28

తమ్ముడు గోడౌన్ ఓనర్‌కి ఫోన్ చేశాడు. నేను బుట్టలు కడుగుతున్నాను, వినలేదు. రేడియో వింది. తోటలో పని ఉందండీ, రాలేను అన్నాడట. ఓనర్ ఏదో అన్నాడట. "లేదండీ, కోసేది నేనే" అన్నాడట వీడు. అది మాత్రం రెండుసార్లు అన్నాడని రేడియో.

ఆ బుట్టల్ని మళ్ళీ కడిగాను.

నవంబర్ 17

ఆకు రాలుతోంది. ఎరువు బస్తాలు పాకలోకి మార్చాం. ఆ గదికి గోడ కొట్టి కిటికీ పెట్టించాం. మేస్త్రీ కిటికీ ఎక్కడ పెట్టాలని నన్నడిగాడు. మరదల్ని అడగమన్నాను. నాకు మంచి చోటు తెలుసు. చెప్పలేదు. ఆవిడ పెట్టించిన చోటు కూడా బానే ఉంది.

జనవరి 10

మంచు. రేపు కత్తిరింపు మొదలు. తమ్ముడు పొద్దున వచ్చి నిలబడ్డాడు. పై తోటలో ముసలి మొదళ్ళ దగ్గర ఎలా కోస్తావక్కా అని అడిగాడు. అడిగాడు కనక చెప్పాను. మధ్యాహ్నం దాకా చెప్పాను. తర్వాత వాడు కింది తోట గురించి నాకు చెప్పాడు. తొమ్మిది కళ్ళు ఉంచుతాడట. ఎనిమిది చాలేమో అనిపించింది. ఊఁ అన్నాను.

జనవరి 11

ఏడు పది బస్సుకి నేను వెళ్ళాను.