అమ్మకు పంపిన మాత్రలు

అక్కా, బాగున్నానని రాద్దామనే కార్డు కొన్నాను గానీ, అబద్ధానికి చెయ్యి రావడం లేదు.

ఒంటికి వెళ్తే మంటని చెప్పానే, అది తిరగబెట్టింది. పోస్టుమాన్ చదివితే చదవనీ, సిగ్గుపడే ఓపిక లేదు. ఐదు రోజుల మాత్రల్లో రెండు రోజులవి వేసుకోగానే హాయనిపించింది. అమ్మకూ అదే బాధని నువ్వు రాస్తే, మిగతావి కవర్లో పెట్టి పంపాను కదా. నిన్న ఆ మాట వినగానే డాక్టరమ్మ తల పట్టుకుంది. "అన్నీ వేసుకుంటే పోయే చిన్న జబ్బు. సగం సగం చేసి ఎవరికీ నయం కాకుండా చేశావు" అంది. ఇప్పుడు నాకు ఆ మందు పనిచెయ్యదట, వేరేది రాసింది.

అమ్మకు మంట తగ్గిందా? జ్వరం గానీ వస్తోందా? వద్దన్నా వినకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు. ఇచ్చినవన్నీ నీ ఎదుటే మింగించు. బావను అడిగానని చెప్పు.

నన్ను నీళ్లు బాగా తాగమన్నారు. తాగితే ఫ్యాక్టరీలో కుట్టు మిషను దగ్గర్నుంచి మాటిమాటికీ లేవాలి కదా! ఒంటికి వెళ్లాలంటే సూపర్‌వైజరు చేతికిచ్చే టోకెను బిళ్ల మా వరసలో నలభైమందికి ఒక్కటే. నా దాకా వచ్చేసరికి పొద్దు వాలుతుంది. ఈ మంట నన్నిక వదలదు. అమ్మనైనా కడుపునిండా తాగమను, తను లేవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

నీ చెల్లి