ఇసాకు మామ రీలులో ఉప్పు

జూలై 3

ఇసాకు మామ చేపలు పట్టే రీలు మా ఇంటికి వచ్చింది. మందులకని ప్రొద్దుటూరు వచ్చిన మామ భార్య రూతమ్మ, దాన్ని పాత టవల్లో చుట్టి తెచ్చింది. గడప దగ్గరే నిలబడి చేతిలో పెట్టింది.

"ఖాదరన్నా, ఇది తిరిగేటట్టు చేసియ్యి. ఆ మనిషికి ఇదే కావాలంట."

ఏప్రిల్లో మామకు పక్షవాతం. మాట సగం పోయింది, కుడి చెయ్యి పూర్తిగా పోయింది. పులివెందులలో వ్యాయామం చేయించే డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడట. మామ దాన్ని మంచం కిందికి విసిరేస్తున్నాడు. నిన్న అటక మీది పెట్టె చూపించి, ఎడమ చేత్తో సైగలు చేసి, చివరికి ఈ రీలు దింపించుకున్నాడు. కుడి చేతి వేళ్లు పిడికి తగిలించుకుని తిప్పబోయాడు. తిరగలేదు.

"నేనూ తిప్పి చూసినా అన్నా. నాకూ తిరగల్యా. అప్పుడు ఏడ్చినా... తిరగంది చెయ్యి తప్పే కాదు, రీలూ చెడిపోయింది గదా అని. సంతోషంతో ఏడ్చినా."

జూలై 4

బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. ఎత్తు తక్కువ రకం — అరచేతిలో అణిగిపోతుంది. గాలపు కర్ర మీద బిగిస్తే బొటనవేలు సరిగ్గా దారపు చుట్ట మీదకు వస్తుంది. ఉప్పునీళ్లకని చేసిన రీలు. కువైట్‌లో కొన్నాడు. ఆయన బడి బస్సు డ్రైవరు, నేను ఏసీ మెకానిక్కు. పన్నెండేళ్లు ఒకే గది. ప్రతి శుక్రవారం నేను నమాజు చదివి వచ్చేదాకా కర్రలు పట్టుకుని మెట్ల మీద కూర్చునేవాడు. అక్కడి నుంచి నేరుగా సముద్రానికి.

రీలు విషయంలో ఎంత చాదస్తం! గదికి రాగానే చేపలు ఒక పక్కన పడేసి ముందు కొళాయి దగ్గరికి. బ్రేకు బిగించి పైన నీళ్లు సన్నగా పోయాలి, ముంచకూడదు. దులిపి నీడలో ఆరబెట్టాలి. ఆరాక బ్రేకు వదులు చేయాలి. "చేప కంపు గొడితే గొట్నీ. రీలు మాత్రం కడగల్ల."

అలాంటి మనిషి రీలు ఇలా బిగుసుకుపోవడం...

జూలై 5

ఎందుకు బిగుసుకుందో నాకు తెలుసు. ఈ రోజు రాయలేను.

జూలై 7

పక్క మూత విప్పుతున్నాను. రెండు మరలు వచ్చాయి. మూడోది రాదు. అల్యూమినియంలో స్టీలు మర, మధ్యలో ఉప్పు — రెండూ కలిసి ఒకే ముద్ద అయిపోయాయి. బలవంతం చేస్తే తల తెగుతుంది. నూనె చుక్క వేసి వదిలేశాను. సోల్డరింగు ఐరన్‌తో కొంచెం వేడి, మళ్లీ నూనె. కొట్లో రిపేరుకొచ్చిన మిక్సీలు, ఫ్యాన్లు వరుసలో ఉన్నాయి. ఉండనీ.

జూలై 9

పొద్దున వచ్చేసింది మర.

లోపల తెల్లటి పొడి, ముగ్గు పిండిలా. బేరింగులు నాలుగు, నాలుగూ తుప్పు. దారాన్ని అటూ ఇటూ సమంగా చుట్టించే సన్న కడ్డీ గాడుల్లో ఆకుపచ్చ చిలుము. దారం కింద చుట్ట లోహం గుంటలు పడింది. పైపైన తడిసిన రీలు కాదిది. నీళ్లలో మునిగిన రీలు.

రాస్తున్నాను. మామ ఊరికి వచ్చేసే ముందు వారం. ఆయనకు జ్వరం. నా రీలు చెడిపోయి ఉంది. "నాది ఎత్తుకపో, జాగర్త" అన్నాడు. బండల మీద కాలు జారింది. కర్రతో సహా రీలు రాళ్ల సందులో పడింది. మోకాలి లోతు నీళ్లు, అల మీద అల. తీసేసరికి చాలాసేపు పట్టింది. పైన తువ్వాలుతో తుడిచాను. కడగాలి, విప్పాలి — తెలుసు. ఆ రోజు డ్యూటీకి పిలిచారు. సంచిలో పెట్టి ఆయన తల దగ్గర ఉంచి వెళ్లాను. చెప్పలేదు.

ఊరికి వచ్చాక ఒకసారి మైలవరం డ్యాములో గాలం వేయబోయి నాకు ఫోన్ చేశాడు. "గరగరమంటాంది ఖాదరూ. కడక్కుండానే పెట్టెలో పెట్టినట్టుండా. జరంలో నా బుద్ధి గడ్డి తిన్యాది." అప్పుడూ చెప్పలేదు. "పోనీలే మామా" అన్నాను. ఆరేళ్లయింది.

జూలై 10

నా భార్య షమీమ్‌కు చెప్పాను. బియ్యం ఏరుతూ వింది.

"బాగు చేసి ఇస్తా గదా" అన్నాను.

"అదీ ఇదీ ఒకటేనా?" అంది. తల ఎత్తలేదు.

జూలై 14

బేరింగులను పెట్రోలులో నానబెట్టాను. రెండు బతికాయి. రెండు చేతిలోనే పొడి అయ్యాయి. గాంధీ రోడ్డు బేరింగుల కొట్టాయన కళ్లద్దాలు సర్దుకుని, "ఇంత చిన్నవి ఏ ఫ్యానుకన్నా?" అని అడిగాడు. చేపలు పట్టే దానికి అంటే నవ్వాడు. ఎవరికని అడిగితే చెప్పాను. నవ్వు ఆపి కొలత రాసుకున్నాడు. చెన్నై నుంచి తెప్పిస్తాడట, తుప్పు పట్టని రకమే.

జూలై 22

వచ్చాయి.

పెద్ద పళ్ల చక్రంలో రెండు పళ్లు గుంటలు పడ్డాయి. దానికి మారు లేదు. సన్న కాగితంతో రుద్ది నునుపు చేశాను. మొదట గ్రీజు ఎక్కువ పెట్టేశాను — తిరిగింది గానీ బరువు. ఆరోగ్యవంతుడికి పర్లేదు, ఆ చేతికి కాదు. మళ్లీ అంతా తుడిచి, పళ్లకు పల్చగా గ్రీజు, బేరింగులకు ఒక్కో చుక్క సన్న నూనె, అంతే. చిటికెన వేలితో తోసినా తిరుగుతోంది.

ఒక్కటే బెంగ. చట్రం లోపల నల్ల పూత చాలాచోట్ల లేచిపోయింది. గీకి, రంగు వేసి, గ్రీజు పూశాను. చెరువుకూ డ్యాముకూ ఏళ్ల తరబడి వస్తుంది. ఉప్పునీళ్లు తగిలితే మాత్రం రంగు కింద నుంచి తినేస్తుంది.

జూలై 24

పులివెందుల. ముద్దనూరులో బస్సు మారాను.

మామ చిక్కిపోయాడు. గడ్డం తెల్లగా. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు. మూరెడు కర్రకు రీలు బిగించి మంచం పట్టెకు కట్టాను. రూతమ్మ ఆయన వేళ్లు ఒక్కొక్కటే పిడి చుట్టూ అమర్చింది. భుజం కదిలింది. మోచెయ్యి. పిడి సగం తిరిగి ఆగింది. మళ్లీ భుజం. పూర్తి చుట్టు.

రీలు చిన్నగా చప్పుడు చేసింది.

రీలు వంక చూస్తూ అన్నాడు మామ, ఒక్కో మాట ఏరుకుంటూ — "నా... తప్పే. కడగల్యా."

నిజం చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను కూడా. "టీ తాగుతావా అన్నా" అంది రూతమ్మ. తాగాను. వచ్చేశాను.

ఆగస్టు 2

రూతమ్మ ఫోను. రోజూ పొద్దున, మధ్యాహ్నం తిప్పుతున్నాడు. ముప్పై చుట్లు. చెంచా పట్టుకున్నాడట, అన్నం ఒలికినా. వ్యాయామం డాక్టరు రీలును ఫొటో తీసుకున్నాడట.

నాకు మంచి పేరు వస్తోంది పులివెందులలో.

ఆగస్టు 17

నూనె వేసే వంకతో వెళ్లాను. చెప్పేశాను.

రూతమ్మ చర్చికి వెళ్లింది, ఇద్దరమే. బండలు, జారడం, తువ్వాలు, డ్యూటీ, అన్నీ. ఆ తర్వాతి ఫోను కూడా. ఆయన చెయ్యి పిడి మీదే ఉంది.

"ఏ... శుక్రారం?"

"నువ్వు ఊరికొచ్చే ముందర మామా."

"నాకు... జరం."

"అవును."

మామ ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లను పిడి మీద నుంచి విప్పుకున్నాడు, రూతమ్మ వాటిని అమర్చే పద్ధతిలోనే — ఒక్కొక్కటే. ఒడిలో పెట్టుకున్నాడు.

"పో" అన్నాడు.

ఏప్రిల్ నుంచి ఆయన నోట తడబాటు లేకుండా వచ్చిన మాట అదేనేమో.

ఆగస్టు 18

పని చేయబుద్ధి కాలేదు. కొట్టు తెరిచి కూర్చున్నాను. షమీమ్ మధ్యాహ్నం అన్నం తెచ్చి, తినేదాకా అక్కడే స్టూలు మీద కూర్చుంది.

ఆగస్టు 26

రూతమ్మ ఫోను.

"దాన్ని ముట్టుకోడంలేదన్నా. బంతీ పిసకడు, రీలూ తిప్పడు. గోడ తట్టు తిరిగి పండుకుంటాడు. ఏం జెప్పినావు ఆయప్పకు?"

ఆమెకూ చెప్పాను, మొదటి నుంచి. చివరిదాకా వింది.

"చెయ్యి సరిగా అయినాంక చెప్తే కాకపాయెనా?"

ఆయన తనను తాను తిట్టుకుంటుంటే వినలేక చెప్పానా? నా బరువు దించుకోవడానికి చెప్పానా? ఆయనకు కావాల్సింది తిరిగే రీలు. నాకేం కావాలో అదీ తెచ్చి దాని పక్కన పెట్టాను.

ఆగస్టు 30

వెళ్దామనుకున్నాను. బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

సెప్టెంబరు 9

రూతమ్మ. గొంతులో నవ్వు దాచుకుంటోంది.

"రేపు మైలవరం పోదామంటాండాడు. చుట్టాల కారు అడిగినా. నిన్ను రమ్మనలేదు అన్నా. రావద్దనీ అనలేదు."

సెప్టెంబరు 10

జమ్మలమడుగులో బస్సు దిగి ఆటోలో డ్యాముకు. వాళ్లు ముందే వచ్చారు. గట్టు దగ్గర ప్లాస్టిక్కు కుర్చీలో మామ, తలకు తువ్వాలు. కర్రకు రీలు బిగించి ఉంది — తనే చెప్పి బిగించుకున్నాడట. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. అంతే.

ఎడమ చేత్తో విసిరాడు. చుట్టను నొక్కి ఆపాల్సిన బొటనవేలు ఆలస్యమైంది, చుట్ట తిరిగి తిరిగి దారం పిచ్చుక గూడైపోయింది. కర్ర నా వైపు చాచాడు. కింద కూర్చుని చిక్కు తీస్తున్నాను.

"ఆరేండ్లు... నన్ను నేను... తిట్టుకున్యా."

"తెలుసు మామా."

"తెల్దు నీకు."

తెలియదు, నిజమే. తల దించుకుని దారం తీస్తూ ఉన్నాను. చాలాసేపు పట్టింది. తొందర పెట్టలేదు ఆయన.

నాలుగోసారి సరిగా పడింది. ఎండ ఎక్కుతోంది, రూతమ్మ గొడుగు పట్టింది. ఉన్నట్టుండి కర్ర కొస వంగింది. బ్రేకు కిర్రుమని దారం వదిలింది. మామ కుడి చెయ్యి పిడి మీద — తిప్పాడు, ఆగాడు, తిప్పాడు. వేళ్లు జారాయి. రూతమ్మ చెయ్యి చాచింది. "వద్దు" అన్నాడు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను, లేకపోతే పట్టుకునేవాణ్ణే. మళ్లీ పిడి దొరికించుకున్నాడు.

అరచేతంత చేప. ఒడ్డు మీద ఎగిరింది. రూతమ్మ కెవ్వుమని అరిచి, గొడుగు వదిలేసి, నోరు మూసుకుంది. మామ నవ్వాడు — ఒక పక్క నోటితో, ఇంకో పక్క రాలేదు. వాళ్లు తెచ్చిన చిత్రాన్నం నాకూ పెట్టారు.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

సెప్టెంబరు 27

నెలకు ఒకసారి విప్పి తుడుస్తానని చెప్పాను. ఒప్పుకున్నాడు. ఈ రోజు విప్పాను — ఆయన కుర్చీ పక్కన వేసుకుని ప్రతి భాగం చూశాడు. గుంటలు పడ్డ ఆ రెండు పళ్ల మీద వేలు పెట్టి ఉంచాడు. చట్రంలో నేను రంగు వేసిన చోట గోరుతో తట్టాడు. అన్నీ అర్థమయ్యాయి ఆయనకు. ఈ రీళ్ల సంగతి నాకు నేర్పిందే ఆయన.

రూతమ్మ వాకిట్లో చెప్పింది: చెయ్యి రావాల్సినంత వచ్చేసిందేమో అంటున్నాడట డాక్టరు. ఇక మీద వచ్చేది కొంచెమేనట. చొక్కా గుండీలు పెట్టుకోలేడు ఇంకా.

అక్టోబరు 6

మామే ఫోన్ చేశాడు. మొదటిసారి, తనంతట తాను.

"ఖాదరూ. సముద్రం... పోదాం. నెల్లూరు తట్టు."

"మామా, ఆ చట్రం చూసినావు గదా. పూత లేదు. ఒక్క తూరి ఉప్పు తగిలితే..."

"తెలుసు."

"ఎంత కడిగినా నిలవదు. నీ చేతికి అదే గదా ఆధారం. డ్యాములోనే ఏసుకో మామా, ఏండ్లు వస్తాది."

అవతల ఊపిరి. మాట వెతుక్కుంటున్నాడు. నేను అందించలేదు.

"ఉప్పుకే... చేసిండేది అది."

వెనక రూతమ్మ గొంతు, పోదాం అనద్దు అన్నా అంటోంది — ఆయనకు వినపడేలానే. అంతదూరం కారులో కూర్చోలేడని ఆమె భయం. ఆమెదీ నిజం.

"ఏ దినం?" అన్నాడు మామ.

ఆలోచించి చెప్తానన్నాను. ఫోను పెట్టేయలేదు ఆయన. నేనూ పెట్టేయలేదు.

షమీమ్ అడిగింది ఎవరని. చెప్పాను. పోతే తనూ వస్తానంది, సముద్రం చూడలేదట ఇంతవరకు. కువైట్‌లో మొత్తం పద్దెనిమిదేళ్లు దాని ఒడ్డున బతికి వచ్చినవాణ్ణి, ఆ మాట ఇన్నాళ్లూ అడగలేదు ఆమెను.

రేపు మధ్యాహ్నం మామ మళ్లీ ఫోన్ చేస్తాడు. ఏం చెప్పాలి...