వీపు మీది జిప్పు

తమ్ముడికి అక్క దీవెనలు. మీ బావ మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. నువ్వున్న చోటి పొడిగాలికి నీ ఊపిరి కాస్త తేలికపడిందని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్లలో నువ్వు రాసిన ఉత్తరాలన్నీ కలిపినా ఇన్ని ప్రశ్నలుండవు. నాకు జ్వరమొస్తే ఎలా ఉందని అడగనివాడివి, ఆ సినిమా కోసం నేను కుడితే నువ్వు వేసుకున్న పాత రాక్షసి తొడుగు గురించి ఇంత ఆరా తీస్తే నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. అయినా అడిగావు కాబట్టి చెబుతాను.

తొడుగు ఉంది. స్టూడియో మూసేసినప్పుడు నేనే తెచ్చి కుట్టుగది అటక మీద పడేశాను. లోపలి స్పాంజి పిండిలా రాలుతోంది, గోళ్లు సగం ఊడిపోయాయి. సినిమా వార్షికోత్సవ ప్రదర్శనకి కావాలన్నారని కొత్త రబ్బరు అంటిస్తున్నాను. ఆ జిగురు వాసనకి మీ బావ భోజనం వరండాలోకి మార్చుకున్నారు.

హాల్లో జనం ఎలా చూస్తారని అడిగావు. విడుదలైనప్పుడు ఈగలు తోలుకున్న సినిమా ఇప్పుడు కుర్రకారుకి ఒక పిచ్చి. క్వారీ నీళ్లలో మునిగిపోయిన కూలీల తరఫున పగ తీర్చుకోవడానికి రాక్షసి లేస్తుంది కదా, అది వెనక్కి తిరగ్గానే వీపు మీద జిప్పు మెరుస్తుంది. హాలంతా "జిప్పు, జిప్పు" అని ఒకటే గోల. ఆ కూలీల చావుకి కారణమైన కాంట్రాక్టరు వేషం వేసినవాడు షూటింగు మధ్యలో అలిగి వెళ్లిపోతే, డైరెక్టరు గారు అతని బదులు వాచ్‌మన్‌ని చంపించేశారు చూడు, అక్కడ అందరూ ఒక్క గొంతుతో "వాచ్‌మన్ ఏం చేశాడు?" అని అడుగుతారు. ఆ పగ కథలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే, దాన్ని రాసింది ప్రేక్షకులు.

ఇక పొగలో రాక్షసి గిలగిలలాడే చోట ఈలలు, చప్పట్లు. అది నటన కాదని, లోపల ఊపిరాడక నువ్వు జిప్పు తీయమని చేతులు ఊపుతున్నావని వాళ్లకి తెలియదు. నేను కుట్టుగదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి నిన్ను నేల మీద పడుకోబెట్టి ఉంచారు. డైరెక్టరు గారికి తెలిసే కెమెరా ఆపలేదని నీ నమ్మకం. నటన అనుకున్నానని ఆయన మాట. అప్పుడు కెమెరా పక్కన నేను లేను, తీర్పు చెప్పలేను.

మిగతా ప్రశ్నలకి జవాబులు రాస్తుంటేనే నా కలం మొరాయిస్తోంది. జిప్పు ఇంకా బిగుతుగా ఉందా అన్నావు. నిన్నటిదాకా అలాగే ఉంది, లోపలున్నవాడి చెయ్యి దానికి అందేది కాదు. డైరెక్టరు గారికి ఆయాసం ఉందా అన్నావు. నీకెందుకురా ఆ సంగతి? వేదిక మీద జిప్పు వేసేదీ తీసేదీ ఎవరు అన్నావు. నేనే.

మొన్న ఆ ప్రదర్శన ఏర్పాటు చేస్తున్న అమ్మాయి వచ్చింది.

"డైరెక్టరు గారికే తొడుగు వేసి వేదిక ఎక్కించాలన్నది మీ తమ్ముడుగారి ఆలోచనేనండీ. పొగ కూడా పెట్టమన్నారు. ఆయనది ఎంత పెద్ద మనసో."

"పెద్ద మనసే," అన్నాను. టీ ఇచ్చి పంపేశాను గానీ, ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించడం నాకు చేతకాలేదు.

కొలతలకి తొడుగు పట్టుకుని డైరెక్టరు గారింటికి వెళ్లాను. మనిషి బాగా తగ్గిపోయారు. ఛాతీ చుట్టూ టేపు పెడితే లోపల పిల్లికూతలు వినిపించాయి.

"మీ తమ్ముడు వస్తాడా అమ్మా?"

"వస్తాననే రాశాడు."

"నాతో మాట్లాడతాడంటావా?"

"అది వాణ్ణే అడగాలండీ."

ఆయన తొడుగు వంక చూసి, "లోపల బాగా వేడిగా ఉంటుందా?" అన్నారు. ఇన్నేళ్లకి అడిగారు ఆ మాట. పశ్చాత్తాపమో, తొడుగులో దూరాలన్న భయమో నాకు అంతు చిక్కలేదు. ఆయన తీపిమాటల్ని నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

ఇప్పటిదాకా దాచిన మాట ఒకటుంది, చెప్పేస్తాను. నిన్న భోజనాలయ్యాక నీ మేనకోడలిని పిలిచి, ఆ తొడుగు నేనే వేసుకుని జిప్పు పైదాకా లాగమన్నాను. పిలిచేదాకా గదిలోకి రావద్దన్నాను. కాసేపటికి ఊపిరి అందక పిలిచాను. గొంతు ఆ తలకాయ దాటి బయటికి పోలేదు. చేతులు ఊపాను. అది కిటికీలోంచి చూసి, అమ్మ ఆడుకుంటోందనుకుని నవ్వింది. నన్ను ప్రాణంగా చూసుకునే పిల్ల, నా కళ్ల ముందే నవ్వింది తమ్ముడూ. తర్వాత అనుమానమొచ్చి పరుగెత్తుకొచ్చి తీసింది, ఏడ్చింది కూడా.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. లోపలున్నంతసేపూ నాకు భయం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. నువ్వు పడ్డ బాధ నా ఒంటికి తెలిసింది. అప్పుడు ఆ తొడుగులో ఆయన ఉన్నట్టు, జిప్పు నా చేతిలో ఉన్నట్టు ఊహించుకున్నాను. ఆయన చేతులు ఊపుతుంటే ఎంతసేపు ఊరుకుంటానా అని ఆలోచించాను. బయటికొచ్చాక కూడా ఆ ఆలోచన వదల్లేదు. అది తియ్యగా ఉంది, అందుకే నీకు రాయాల్సి వచ్చింది. నీ ప్రశ్నలు చదివి నిన్ను దొంగని చూసినట్టు చూశాను. ప్రదర్శన రోజు వేదిక మీద జిప్పు తీయాల్సింది మాత్రం నేను.

పొద్దున్నే జిప్పు ఊడదీసి, లోపలివాడే తెరుచుకునేలా ముందువైపు కుట్టేశాను. పొగ వద్దని ఆ అమ్మాయికి కబురు పెట్టాను. కుర్రాళ్లు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ రావడం మానకు. తెలిసే ఆపలేదా అని ఆయన్ని ముఖం మీద అడుగు, నేను పక్కన నిలబడతాను. ఆయన ఏం చెప్పినా, ఏమీ చెప్పకపోయినా మనిద్దరం కలిసి విందాం. నువ్వు రాకపోతే ఆ వేదిక మీద నేనూ ఆయనా మాత్రమే ఉంటాం. జిప్పు ముందుకి మార్చాను గానీ, నా చేతుల్ని నేనింకా నమ్మలేకుండా ఉన్నాను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
పెద్దక్క